ఆఫీసు, షోరూం, ఫంక్షన్ హాలు, లాడ్జి: నాలుగింటికీ ఒకే లిస్టు పనికొస్తుందా?

ప్రశ్న: బెజవాడ_భవనాలు

అందరికీ నమస్కారం. విజయవాడలో ఒకే యజమానికి చెందిన నాలుగు వాణిజ్య భవనాల నిర్వహణ చూస్తున్నాం. కరెంటు, నీళ్ళు, చెత్త మూడూ తగ్గించాలని ఆయన గట్టిగా అనుకుంటున్నారు. కన్సల్టెంటు ఇచ్చిన లిస్టు మాత్రం నాలుగు భవనాలకీ అక్షరం తేడా లేకుండా ఒకటే: సోలార్, ఎల్‌ఈడీలు, సెన్సర్లు, ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు), ఇంకుడు గుంత. యజమానిగారేమో "ముందు అన్ని డాబాల మీదా సోలార్ పరిచేద్దాం, సగం పని అయిపోతుంది" అంటున్నారు.

ఆఫీసు: గ్రౌండ్ ప్లస్ 5, మొత్తం 40,000 చదరపు అడుగులు. 100 టన్నుల వాటర్ కూల్డ్ స్క్రూ చిల్లర్లు (ఏసీ కోసం నీటిని చల్లబరిచే పెద్ద యంత్రాలు) రెండు. ఏడాదికి దాదాపు 5.6 లక్షల యూనిట్లు. కాంట్రాక్ట్ డిమాండ్ (కరెంటు సంస్థతో ఒప్పుకున్న గరిష్ఠ లోడు) 300 కేవీఏ, గత 12 నెలల్లో రికార్డయిన గరిష్ఠం 205.

బట్టల షోరూం: గ్రౌండ్ ప్లస్ 3, 18,000 చదరపు అడుగులు. పడమటి ముఖం పైనుంచి కిందిదాకా అద్దమే. వీఆర్‌ఎఫ్ ఏసీలు (ఒక అవుట్‌డోర్‌తో చాలా ఇండోర్ యూనిట్లు నడిచేవి). లైట్లు 50 కిలోవాట్లు, చాలావరకు పాత హాలోజెన్, మెటల్ హాలైడ్. ఉదయం 10 నుంచి రాత్రి 10 దాకా తెరిచి ఉంటుంది.

ఫంక్షన్ హాలు: 1,200 మందికి. డక్టబుల్ ఏసీలు, 150 కేవీఏ. 20 కేఎల్‌డీ (రోజుకు 20 వేల లీటర్ల) ఎస్టీపీ ఉంది, పెళ్ళి జరిగిన ప్రతిసారీ వాసన.

లాడ్జి: 40 గదులు, గదికో 2 కిలోవాట్ల గీజరు, బోరు నీళ్ళు బాగా ఉప్పు.

ఏది ముందు, ఏది తర్వాత? లెక్కలతో చెబితే ఆయన ముందు పెట్టగలం.

జవాబు 1: లోడ్‌కర్వ్

యజమానిగారు సోలార్‌తో మొదలుపెట్టారు కాబట్టి ఆ లెక్కే ముందు చూద్దాం. నీడ పడని 100 చదరపు అడుగుల జాగాలో 1 కిలోవాట్ కూర్చుంటుంది. మన ప్రాంతంలో కిలోవాట్‌కి రోజుకు సగటున 4 యూనిట్లు. షోరూం డాబా 4,500 అడుగులు. లిఫ్టు రూము, ట్యాంకులు, ఏసీ అవుట్‌డోర్లు, నడిచే దారి పోగా సగం మిగిలిందనుకోండి, 20 కిలోవాట్లు పైచిలుకు. అంటే రోజుకు 80 యూనిట్లు. అదే షోరూంలో 50 కిలోవాట్ల లైట్లను మంచి ఎల్‌ఈడీలతో 23కి దించితే, తగ్గిన 27 కిలోవాట్లని 12 గంటలతో గుణిస్తే రోజుకు 324 యూనిట్లు. డాబా నిండా పరిచిన ప్యానళ్ళు ఇచ్చేదానికి నాలుగింతలు. లైటు తినే కరెంటంతా చివరికి గదిలో వేడిగానే మిగులుతుంది, దాన్ని బయటికి తోసేది మళ్ళీ ఏసీయే. 3.5 కిలోవాట్ల లైట్లు తగ్గితే 1 టన్ను ఏసీ భారం తగ్గుతుంది. ఇక్కడ ఏడున్నర టన్నులు.

ఆఫీసు సంగతీ అంతే. 5.6 లక్షల్ని 365తో భాగిస్తే రోజుకు 1,500 యూనిట్ల పైన. ఆ డాబా మీద, కూలింగ్ టవర్ల (చిల్లర్ల వేడిని గాలిలోకి వదిలేవి) పక్కన, 30 కిలోవాట్లు పట్టడమే గొప్ప. 120 యూనిట్లు, అంటే 8 శాతం. ఫంక్షన్ హాలుది పెద్ద కప్పే, కానీ పెళ్ళిళ్ళు లేని రోజుల్లో అక్కడ కరెంటు తినేవాళ్ళుండరు. మామూలు నెట్ మీటరింగ్‌లో (గ్రిడ్‌కి పంపిన యూనిట్లను బిల్లులో తగ్గించే పద్ధతి) లెక్క ఆ సర్వీసు నంబరుకే పరిమితం. మిగులు యూనిట్లను పక్క భవనం బిల్లులో కలపడానికి మీ సర్వీసు కేటగిరీకి వీలుందో లేదో మీ కరెంటు పంపిణీ సంస్థ ఏపీసీపీడీసీఎల్ దగ్గర రాతపూర్వకంగా తీసుకున్నాకే హాలు మీద పెట్టుబడి పెట్టండి. ఇళ్ళకిచ్చే సూర్యఘర్ సబ్సిడీ వాణిజ్య సర్వీసులకు వర్తించదు, ఎవరైనా కొటేషన్‌లో చూపిస్తే కొట్టేయండి.

సోలార్ వద్దనడం లేదు. వాడకం తగ్గించాక పెట్టండి అంటున్నాం.

అన్నిటికంటే ముందు మీటర్లు. ఆఫీసులో చిల్లర్లకి ఒకటి, పంపులు, టవర్ ఫ్యాన్లకి ఒకటి, ఏహెచ్‌యూలకి (అంతస్తుల్లోకి చల్లగాలి కొట్టే యూనిట్లు) ఒకటి, లైట్లకి, యూపీఎస్‌కి, లిఫ్టులకి విడివిడిగా మల్టీ ఫంక్షన్ మీటర్లు, రీడింగులను కంప్యూటరుకి పంపే ఆర్‌ఎస్ 485 పోర్టు ఉన్నవి. పెట్టాక అంకెల్ని వెంటనే నమ్మొద్దు. ప్యానెల్‌లో 200/5 సీటీ (పెద్ద కరెంటును మీటరు కొలవగలిగేంతకి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్) ఉండి మీటర్లో 100/5 అని సెట్ చేస్తే సగమే చూపిస్తుంది. ఆర్ ఫేజు సీటీని వై ఫేజు వైరుకి తగిలిస్తే పవర్ ఫ్యాక్టర్ అర్థంలేని అంకె వస్తుంది. సీటీ తిరగేసి ఎక్కిస్తే ఆ ఫేజు కిలోవాట్లు మైనస్‌లో ఉంటాయి. ఒక వారం చూసి, సబ్ మీటర్ల మొత్తం మెయిన్ మీటరుతో 3 నుంచి 5 శాతం తేడాలోపు కలిస్తేనే మిగతా లెక్కలకి విలువ.

తర్వాత రాత్రి 2 గంటల అంకె చూడండి. ఖాళీ ఆఫీసులో అప్పుడు 35 కిలోవాట్లు నడుస్తున్నాయంటే 10 గంటల్లో 350 యూనిట్లు పోయినట్టే. మనుషులు లేని భవనం ఎందుకంత తింటోందో తెలియాలంటే రాత్రి పదిన్నరకి టార్చి పట్టుకుని అంతస్తు అంతస్తూ తిరగాలి. ఆపడం మరిచిన ఏహెచ్‌యూ, 16 డిగ్రీలకి పెట్టిన సర్వర్ రూము ఏసీ, పావు లోడుతో నడుస్తున్న రెండు పెద్ద యూపీఎస్‌లు, ఊడ్చేవాళ్ళ కోసం ఆరు అంతస్తుల్లో ఒకేసారి వెలిగే లైట్లు. దాదాపు ప్రతిచోటా దొరికేవి ఇవే. వీటిని సరిచెయ్యడానికి పెద్ద ఖర్చుండదు.

కాంట్రాక్ట్ డిమాండ్: బిల్లింగ్ డిమాండ్ అంటే రికార్డయినది గానీ కాంట్రాక్టులో 80 శాతం గానీ, ఏది ఎక్కువైతే అది. మీకు 300లో 80 శాతం 240. వాడుతున్నది 205. ప్రతి నెలా కనీసం 35 కేవీఏకి ఊరికే కడుతున్నారు. 230కి దించితే కనీసం 184 అవుతుంది, వాడినదానికే బిల్లు వస్తుంది.

జవాబు 2: చిల్లర్‌రూం

పై జవాబులో చివరి మాట ఒక్కదానితో విభేదిస్తున్నా. డిమాండ్ ఇప్పుడే దించొద్దు. మళ్ళీ పెంచుకోవాల్సి వస్తే డెవలప్‌మెంట్ ఛార్జీలు, దరఖాస్తు, ఆలస్యం. దాటితే పెనాల్టీ. ఏప్రిల్, మే, జూన్ మూడు నెలలూ కొత్త పద్ధతిలో నడిపి, అప్పుడు రికార్డయిన అంకె మీద 10 శాతం కలిపి దించండి. చిల్లర్ ప్లాంటు సరిచేశాక 205 కూడా ఉండదు.

100 టన్నుల స్క్రూలు రెండున్నాయన్నారు. రెండూ కలిసి నడుస్తున్నాయా? అయితే ఈ కొలత తీయండి. చిల్డ్ వాటర్ ప్రవాహం గంటకి ఎన్ని ఘనపు మీటర్లో క్లాంప్ ఆన్ అల్ట్రాసోనిక్ మీటరుతో చూడండి. లోపలికొచ్చే నీటికీ బయటికెళ్ళే నీటికీ తేడా ఎన్ని డిగ్రీలో చూడండి. రెంటినీ గుణించి 3.024తో భాగిస్తే టన్నులు. ఉదాహరణకి 50 ఘనపు మీటర్లు, 3 డిగ్రీలు అయితే 49.6 టన్నులు. ఆ సమయంలో కంప్రెసర్ 48 కిలోవాట్లు లాగుతుంటే టన్నుకి 0.97. ఈ రకం చిల్లరు ఆరోగ్యంగా ఉంటే 0.7, 0.75 దగ్గర ఉండాలి.

ఇక్కడ తప్పు చాలాసార్లు మిషన్‌ది కాదు. డిజైన్‌లో 5.5 డిగ్రీల తేడా ఉండాల్సిన చోట 3 ఉంటే, చల్లటి నీళ్ళు ఏహెచ్‌యూ కాయిల్‌కి పని చెప్పకుండానే వెనక్కొస్తున్నాయి. ఏహెచ్‌యూల దగ్గర త్రీ వే వాల్వులు (కాయిల్‌కి వెళ్ళే నీళ్ళను పక్కదారి పట్టించగలిగేవి) ఉండటం, బైపాస్ తెరిచి వదిలేయడం, కాయిల్ మురికి, ఎప్పుడో తెగిపోయిన యాక్చుయేటరు (వాల్వుని తిప్పే మోటారు). నీళ్ళు చాలడం లేదనుకుని ఆపరేటరు రెండో చిల్లరు, రెండో పంపు వేస్తాడు. అలా రెండు చిల్లర్లు సగం సగం లోడులో పరిగెడతాయి. త్రీ వే వాల్వు బైపాస్ కాలు మూసి, పాడైనవి టూ వేకి మార్చి, కాయిళ్ళు కడిగితే ఎండాకాలం మిట్టమధ్యాహ్నం తప్ప ఒక చిల్లరు చాలొచ్చు.

పంపులకి వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే పరికరం) పెట్టేముందు డిస్చార్జి వాల్వు ఎంత తెరిచి ఉందో చూడండి. సగం మూసి ఉంటే ముందు పూర్తిగా తెరిచి, తర్వాత వేగం తగ్గించాలి. 50 హెర్ట్జ్ నుంచి 40కి దిగితే కరెంటు దాదాపు సగమవుతుంది. వాల్వు మూసే ఉంచి వీఎఫ్‌డీ పెట్టినచోట డబ్బు పోతుంది, ఫలితం రాదు. ఎవాపరేటర్‌లో (చిల్లర్లో నీళ్ళు చల్లబడే భాగం) కనీస ప్రవాహం ఎంతో తయారీదారు పత్రంలో చూసి ఆ కిందికి పోకుండా లాక్ చెయ్యండి. లేకపోతే ఫ్లో స్విచ్ ట్రిప్, అది పనిచేయకపోతే ట్యూబులో నీళ్ళు గడ్డకట్టి పగలడం.

మీ లాడ్జి బోరు నీళ్ళు ఉప్పన్నారు, ఆఫీసు టవర్లకీ అవేనా? కండెన్సర్ (చిల్లర్లో వేడిని టవరు నీటికి వదిలే భాగం) సాచురేషన్ ఉష్ణోగ్రతకీ బయటికెళ్ళే నీటికీ తేడా శుభ్రంగా ఉన్నప్పుడు 1, 2 డిగ్రీలు. 4 దాటిందంటే ట్యూబుల్లో పొలుసు కట్టింది, కడగండి. కండెన్సింగ్ ఉష్ణోగ్రత 1 డిగ్రీ పెరిగితే కంప్రెసర్ 2, 3 శాతం ఎక్కువ లాగుతుంది. పొలుసుకి మూలం బ్లోడౌన్ (టవరులోని ఉప్పు నీళ్ళను కొంత బయటికి వదలడం) దగ్గర ఉంటుంది. 100 టన్నుల పూర్తి లోడులో గంటకి సుమారు 650 లీటర్లు ఆవిరవుతాయి. ఉప్పు మాత్రం బేసిన్‌లోనే ఉండిపోతుంది. టవరు నీటి టీడీఎస్‌ని (కరిగిన లవణాల మొత్తం) మేకప్ (కొత్తగా పోసే) నీటి టీడీఎస్‌తో భాగిస్తే వచ్చేది సైకిల్స్. 3 దగ్గర నడిపితే గంటకి 325 లీటర్లు వదలాలి, 5 దగ్గర 160. కండక్టివిటీ కంట్రోలరు, సోలెనాయిడ్ వాల్వు పెడితే ఆ పని అదే చూసుకుంటుంది. వాచ్‌మన్ పొద్దున ఒకసారి వాల్వు తిప్పే పద్ధతిలో ఒకరోజు నీళ్ళు వృథా, మరోరోజు పొలుసు. సాఫ్టెనర్ పెడితే గట్టితనం పోతుంది గానీ టీడీఎస్ తగ్గదు, ఆ రెండూ ఒకటే అనుకుని 8 సైకిళ్ళకి నెడితే తుప్పు మొదలవుతుంది. ఏహెచ్‌యూల డ్రెయిన్ నీళ్ళు ఉప్పులేని చల్లటి నీళ్ళు, వాటిని పైపు వేసి టవరు బేసిన్‌లో కలపండి. మన ఉక్కపోతలో అవి బాగానే వస్తాయి.

ఆఫీసులో అద్దెదారులుంటే చిల్డ్ వాటర్ ఖర్చుని అడుగుల లెక్కన పంచకుండా అంతస్తుకో బీటీయూ మీటరు (వాడిన చల్లదనాన్ని కొలిచేది) పెట్టండి. అడుగుల లెక్కన పంచినంతకాలం ఏహెచ్‌యూ ఆపాలన్న పట్టింపు ఎవరికీ ఉండదు.

జవాబు 3: ఊటబావి

ఫంక్షన్ హాలు ఎస్టీపీ గురించి. మీ ప్లాంటు చెడిపోయి ఉండకపోవచ్చు, ఆకలితో చచ్చి ఉంటుంది. ఎస్టీపీలో పనిచేసేవి ప్రాణమున్న సూక్ష్మజీవులు. వాటికి రోజూ తిండి, గాలి కావాలి. పెళ్ళిళ్ళ హాలుకి మాఘ, ఫాల్గుణ, వైశాఖాల్లో వరసగా ముహూర్తాలు, తర్వాత ఆషాఢం, మధ్యలో మూఢం వస్తే నెలలకి నెలలు ఖాళీ. కరెంటు దండగని బ్లోయరు ఆపేస్తారు. బురద కుళ్ళుతుంది. మళ్ళీ మొదటి పెళ్ళి రోజున ఐదారు గంటల్లో 40 వేల లీటర్ల నూనె, సబ్బు నీళ్ళు ఒక్కసారి వచ్చి పడతాయి. 20 కేఎల్‌డీ అంటే 24 గంటల్లో నిదానంగా వచ్చే 20 వేల లీటర్లకి అని అర్థం. వాసన రాక ఏమవుతుంది?

చెయ్యాల్సినవి వరసగా చెబుతా. ఈక్వలైజేషన్ ట్యాంకు (వచ్చిన మురుగు నీళ్ళను ఆపి నిదానంగా ప్లాంటులోకి వదిలేది) సైజు చూడండి. ఒక పెళ్ళి నీళ్ళలో ఎక్కువ భాగం, ఇక్కడ 30, 35 వేల లీటర్లు, అందులో పట్టాలి. లోపల గాలి కొట్టే డిఫ్యూజర్లు ఉండాలి, అక్కడినుంచి గంటకి 800 లీటర్ల చొప్పున రెండు రోజులపాటు ప్లాంటులోకి పంపాలి. ఖాళీ రోజుల్లో బ్లోయరుని పూర్తిగా ఆపకుండా టైమరు మీద గంటకి 15 నిమిషాలు నడపండి, క్లారిఫయరు (బురద అడుగుకి దిగే ట్యాంకు) బురదని తిప్పుతూ ఉండండి, రెండు మూడు రోజులకోసారి బెల్లం నీళ్ళో గంజో పొయ్యండి. ముహూర్తాలు మొదలవడానికి 10, 15 రోజుల ముందు బాగా నడుస్తున్న వేరే ఎస్టీపీ నుంచి ట్యాంకరు బురద తెచ్చి వేస్తే త్వరగా కోలుకుంటుంది. ఆవుపేడ నీళ్ళు పోసేవాళ్ళూ ఉన్నారు, పని జరుగుతుంది గానీ నిదానం. ఏరేషన్ ట్యాంకులో కరిగిన ఆక్సిజన్ లీటరుకి 2 మిల్లీగ్రాముల దగ్గర ఉండేలా చూడండి. టాయిలెట్లలో యాసిడ్, బ్లీచింగ్ కుమ్మరించే అలవాటు మానిపించకపోతే ఇదంతా వ్యర్థం.

కొత్తగా కట్టేవాళ్ళయితే ఇలాంటి చోట్ల గాలి అక్కరలేని బాఫిల్డ్ రియాక్టరు (లోపల అడ్డుగోడలుండే ట్యాంకు), దాని తర్వాత మొక్కల గులకరాళ్ళ బెడ్డు మేలు. జాగా ఎక్కువ తీసుకుంటుంది, కానీ నెల రోజుల పస్తుని తట్టుకుంటుంది.

గ్రీజు ట్రాపు: గిన్నెలు కడిగేచోట వేడినీళ్ళు వాడితే నూనె కరిగి ట్రాపు దాటి వెళ్ళిపోయి, చల్లబడ్డాక పైపులో గడ్డకడుతుంది. అందుకే మూడు గదుల ట్రాపు, నీళ్ళు అరగంటైనా నిలిచేంత పెద్దది, గది నుంచి గదికి పైపు మూతి నీటిమట్టానికి బాగా కిందుండేలా. ప్రతి పెళ్ళి మర్నాడు పొద్దున పైన తేలిన తెట్టు తీసెయ్యాలి. కేటరరు ఒప్పందంలో ఈ పని రాసి, అడ్వాన్సులోంచి కోత పెట్టే షరతు ఉంటేనే జరుగుతుంది.

తడి చెత్త విషయంలో బయోగ్యాస్ నుంచి కరెంటు తీద్దామని ఎవరైనా చెబితే ఈ లెక్క ముందు పెట్టండి. హైదరాబాద్ బోయినపల్లి కూరగాయల మార్కెట్లో కేంద్ర ప్రభుత్వ పరిశోధనా సంస్థ ఐఐసీటీ పరిజ్ఞానంతో నడిచే ప్లాంటు రోజుకి 10 టన్నుల వ్యర్థాలతో 500 యూనిట్ల దాకా ఇస్తుంది. అంటే టన్నుకి 50. మీ హాలులో 200 కిలోలు వచ్చినా 10 యూనిట్లు. పైగా అక్కడ రోజూ మార్కెట్టుంది, మీకు రోజూ పెళ్ళి లేదు. డైజెస్టరు (బయోగ్యాస్ ట్యాంకు) కూడా పస్తు, విందు మార్చి మార్చి పెడితే పులిసిపోతుంది. అరిటాకులు వేస్తే పీచు చుట్టుకుని మోటారు ఆగుతుంది. మీకు కంపోస్టే సరి. విస్తళ్ళు ముక్కలు చెయ్యాలి, సాంబారు, పెరుగు నీళ్ళు జల్లెడలో వార్చాలి, తడికి సమానమైన పరిమాణంలో ఎండుటాకులో కొబ్బరి పొట్టో కలపాలి. పిడికిట్లో పట్టి పిండితే నీళ్ళు కారకూడదు, చేతికి తేమ తగలాలి. రోజుకు 100 కిలోలు దాటితే చట్టప్రకారం బల్క్ జనరేటర్ (ఎక్కువ చెత్త పుట్టించేవాళ్ళు) కింద వస్తారు, తడి, పొడి వేరు చేసే బాధ్యత మీదే. థర్మకోల్ ప్లేట్లు, ప్లాస్టిక్ స్పూన్లు 2022 జులై 1 నుంచి నిషేధం. కాగితం కప్పు లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది, కంపోస్టులో వెయ్యొద్దు.

హాలు ఏసీకి ఒక్క మాట. హోమం పొగ కమ్మగానే తలుపులన్నీ బార్లా తెరుస్తారు, రెండు గంటలు చల్లబరిచింది పది నిమిషాల్లో పోతుంది. మండపానికి సరిగ్గా పైన విడిగా ఎగ్జాస్టు, దానికి మండపం పక్కనే స్విచ్. పురోహితుడికి ముందే చూపించి పెట్టండి. భోజనాల హాలుకి ఏసీ వద్దు, గాలి ధారాళంగా తగిలేలా ఫ్యాన్లు చాలు.

జవాబు 4: గోరువెచ్చన

లాడ్జి లెక్క నేను చెబుతా. 80 మంది, మనిషికి 45 లీటర్ల వేడినీళ్ళు, అంటే 3,500 లీటర్ల పైన. 25 నుంచి 55 డిగ్రీలకి తేవాలంటే 3,500 × 30ని 860తో భాగించండి, 122 యూనిట్లు. గీజర్లయితే ఆ 122కి పైన రోజంతా ట్యాంకుల్లో ఆరిపోయే వేడి అదనం. హీట్ పంపు (గాలిలోని వేడిని లాగి నీటికిచ్చే యంత్రం) 1 యూనిట్‌తో 3 యూనిట్ల వేడి ఇస్తుంది కాబట్టి 41 యూనిట్లలో అయిపోతుంది. 40 గీజర్లు పొద్దున ఆరింటికి కలిసి వెలిగితే 80 కిలోవాట్లు. హీట్ పంపుకి 12 కిలోవాట్ల వేడినిచ్చే యూనిట్, 3,000 లీటర్ల ఇన్సులేషన్ ట్యాంకు ఉంటే పగలు 10 గంటలు నిదానంగా నడుస్తుంది. మీరు సోలార్ పెట్టాక ఆ కరెంటు నేరుగా ఇక్కడే ఖర్చవుతుంది.

ఎక్కడ చెడుతుందంటే, నాలుగు చోట్ల. మీ ఉప్పు నీళ్ళకి ముందు సాఫ్టెనర్ లేకపోతే ఏడాదిలో ఎక్స్‌ఛేంజరు (హీట్ పంపులో నీళ్ళు వేడెక్కే భాగం) మూసుకుపోతుంది. వేడినీటి పైపు లూపుగా తిరిగి ట్యాంకుకి రాకపోతే చివరి గదిలో మొదటి బకెట్టు చల్లగానే వస్తుంది, అతిథి దాన్ని పారబోస్తాడు, నీళ్ళూ పోయాయి, మాటా వచ్చింది. లూపుకి చిన్న పంపు, ఉదయం సాయంత్రం టైమరు, పైపు పొడవునా ఇన్సులేషన్ తప్పనిసరి. హీట్ పంపుని మూసిన గదిలో పెడితే తను వదిలిన చల్లగాలినే మళ్ళీ పీల్చి బలహీనమైపోతుంది, డాబా మీద నీడలో పెట్టండి. నిల్వని ఎప్పుడూ గోరువెచ్చగా వదిలేస్తే న్యుమోనియా తెచ్చే లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది, 60 డిగ్రీలకి తెచ్చే ఏర్పాటు ఉండాలి. గీజర్లు వెంటనే పీకేయకండి, ఒక చలికాలం బ్యాకప్‌గా ఉంచండి.

కుళాయిలకి వెయ్యి రూపాయల పరికరాలేం అక్కర్లేదు. లీటరు మగ్గు, ఫోనులో స్టాప్‌వాచ్. 5 సెకన్లలో నిండితే నిమిషానికి 12 లీటర్లు, 20 సెకన్లలో నిండితే 3. వాష్‌బేసిన్‌కి 3 చాలు, ఏరేటరు (గాలి కలిపి ధార తగ్గించే జల్లెడ మూత) బిగించండి. ఉప్పు నీళ్ళకి అది మూసుకుపోతుంది, నెలకోసారి విప్పి నిమ్మ ఉప్పు నీళ్ళలో నానబెట్టాలి, లేకపోతే సిబ్బందే విసుగొచ్చి తీసేస్తారు. షవర్ల దగ్గర జాగ్రత్త. పై అంతస్తు ట్యాంకుకి మూడు మీటర్ల కిందే ఉంటే ఒత్తిడి 0.3 బార్ మాత్రమే, అక్కడ తక్కువ నీటి షవరు బొట్లు బొట్లుగా పడుతుంది. ముందు ప్రెషర్ పంపు, తర్వాతే షవరు. ఫ్లష్ ట్యాంకుల్లో మిఠాయి రంగు నాలుగు చుక్కలు వేసి ఇరవై నిమిషాలు ఆగండి. నొక్కకుండానే కమోడ్‌లోకి రంగు దిగితే వాషరు పోయింది.

జవాబు 5: పడమటిగోడ

షోరూం లైట్లు మార్చేటప్పుడు వాట్లొక్కటే చూసి కొంటే మొదటి పండగ సీజన్లోనే పాత లైట్లు తిరిగొస్తాయి. చీరల దుకాణంలో కొనేవాళ్ళు చీరను గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుతుర్లో రంగు చూస్తున్నారంటే లోపలి లైటు తప్పు. సీఆర్‌ఐ (రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 పైన, ఎరుపుని చూపించే ఆర్9 విలువ 50 పైన ఉండాలి, 4,000 కెల్విన్. టెస్ట్ రిపోర్టు అడగండి, ఒక కౌంటరులో పది లైట్లు బిగించి మెరూన్, కుంకుమ, వంకాయ రంగు చీరలు పక్కపక్కన పరిచి అమ్మేవాళ్ళచేత ఒప్పించుకున్నాకే మిగతావి ఆర్డరివ్వండి. 50 వాట్ల హాలోజెన్‌కి 7 వాట్లు, 70 వాట్ల మెటల్ హాలైడ్‌కి 25 నుంచి 30. పాత హాలోజెన్ ట్రాన్స్‌ఫార్మర్ మీదే ఎల్‌ఈడీ పెడితే మిణుకుతుంది, అదీ మార్చాలి.

పడమటి అద్దం లోపలి వైపు చూడండి. పై అంతస్తుల్లో ర్యాకులు, జిప్సం బోర్డు ఉంటే అక్కడ అద్దం బయటికి అలంకారమే, లోపలికి మాత్రం పొయ్యి. బోర్డు వెనక 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్ వెయ్యొచ్చు. కానీ అద్దం టఫెన్డ్ (వేడికి పగలకుండా గట్టిపరచినది) అని తెలిస్తేనే. మామూలు అద్దం వెనక ఇన్సులేషన్ పెడితే మధ్యలో వేడి చిక్కుకుని అంచు నుంచి పగుళ్ళొస్తాయి. అద్దానికీ దానికీ మధ్య గాలి సందు వదిలి, పైనా కిందా గాలి పోయే దారి ఇవ్వండి. అద్దం మీద అంటించే ఎండ ఫిల్ముకీ ఇదే జాగ్రత్త. అన్నిటికంటే మేలు బయట నిలువు రెక్కలు. పడమటి ఎండ వాలుగా వస్తుంది కాబట్టి పైన సజ్జ వేస్తే ఆగదు.

అవుట్‌డోర్ యూనిట్లు వెనక సందులో ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటే కింది యూనిట్ వదిలిన వేడిని పైది పీలుస్తుంది. మధ్యాహ్నం పైదాని దగ్గరా నేల దగ్గరా థర్మామీటరు పెట్టి చూడండి. 4, 5 డిగ్రీల తేడా ఉంటే గాలి బయటికి పోయేలా రేకు డక్టు పెట్టించండి.

బెజవాడ_భవనాలు

అందరికీ చాలా కృతజ్ఞతలు. షోరూం లైట్లు, రాత్రి లోడు ఈ నెలలోనే మొదలుపెడతాం. రెండు సందేహాలు. కూల్ రూఫ్ పెయింటు (డాబా వేడెక్కకుండా వేసే తెల్ల పూత) ముందా, సోలార్ ముందా? అలాగే యజమాని బంధువులది 50 పడకల ఆసుపత్రి ఉంది, ఇవన్నీ అక్కడా చెయ్యొచ్చా?

లోడ్‌కర్వ్

వాటర్‌ప్రూఫింగ్, పెయింటు, ప్యానళ్ళు. ఈ వరస తప్పితే ప్యానళ్ళ కింద కారే చోటు వెతకడానికి అన్నీ విప్పాలి. పగుళ్ళు పూడ్చి, ఒక వాన చూసి, అప్పుడు ఎస్‌ఆర్‌ఐ (ఎండ వేడిని తిప్పికొట్టే సామర్థ్యం చెప్పే అంకె) 78 పైన ఉన్న తెల్ల పూత. దుమ్ము పడితే పూత ప్రభావం తగ్గుతుంది, ఎండాకాలం మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి కడిగించండి. తెలంగాణలో 2023లో వచ్చిన కూల్ రూఫ్ విధానం వాణిజ్య భవనాలకి దీన్ని తప్పనిసరి చేసింది. మీకు ఆ నిబంధన లేకపోయినా పై అంతస్తు ఏసీకి లాభమే. కింద మొత్తం ఇన్సులేషన్ ఉన్న డాబా అయితే తేడా తక్కువ, అప్పుడు డబ్బు వేరేచోట పెట్టండి.

ప్యానళ్ళ స్టాండ్లకి విజయవాడ డిజైను గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, హైదరాబాద్‌కి 44. హైదరాబాద్ డ్రాయింగు తెచ్చి ఇక్కడ బిగిస్తే ఒప్పుకోవద్దు. కాంక్రీటు దిమ్మల బరువు మీదే వదిలేయకుండా స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం అడగండి. ఆఫీసు డాబా మీద కూలింగ్ టవరు తుంపర ప్యానళ్ళ మీద పడితే తెల్లటి ఉప్పు పొర కడుతుంది, గాలి ఏ వైపు వీస్తుందో చూసి దూరం పెట్టండి. ఇన్వర్టరు పడమటి ఎండలో ఉండకూడదు.

చిల్లర్‌రూం

ఆసుపత్రి సంగతి వేరు. అక్కడ ఆపరేషన్ థియేటర్ ఏహెచ్‌యూని రాత్రిపూట ఆపే ఆలోచన చెయ్యొద్దు. ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీహెచ్ మార్గదర్శకాల ప్రకారం థియేటర్ వాడని వేళ కూడా బ్లోయరు తిరుగుతూనే ఉండాలి, చల్లదనం సడలించొచ్చు, వీఎఫ్‌డీతో వేగం తగ్గించొచ్చు. పక్క గదులకంటే లోపల ఒత్తిడి ఎక్కువగా, కనీసం 2.5 పాస్కల్స్ ఉండాలి. వేగం తగ్గించాక ఆ గేజీ చూసి సెట్ చెయ్యాలి. హెపా ఫిల్టరు (గాలిలోని అతి సన్నని కణాలను పట్టేది) నిండే కొద్దీ అదే హెర్ట్జ్‌లో గాలి తగ్గిపోతుంది, కాబట్టి స్థిరంగా ఒక హెర్ట్జ్ పెట్టి వదిలెయ్యకండి. ఐసొలేషన్ గదుల్లో ఒత్తిడి దీనికి తలకిందులు, బయటికంటే తక్కువ. ఆ రెంటినీ ఒకే ఏహెచ్‌యూకి కలపొద్దు. పొదుపు అక్కడ ఓపీ, కారిడార్లు, పరిపాలన గదులు, లాండ్రీ, వేడినీళ్ళలో వెతకండి. కుళాయిల ఏరేటర్లు కూడా ఐసీయూ, థియేటర్ స్క్రబ్ దగ్గర పెట్టొద్దు, జల్లెడలో సూక్ష్మజీవులు గూడు కడతాయి.

ఊటబావి

ఇంకుడు గుంత గురించి ఎవరూ చెప్పలేదు. 1 మిల్లీమీటరు వాన 1 చదరపు మీటరు మీద 1 లీటరు. హాలు కప్పు 1,000 చదరపు మీటర్లుంటే 50 మిల్లీమీటర్ల వానకి 50 వేల లీటర్లు, ఒక పెళ్ళికి సరిపోయినంత. మీకు ఆ నీళ్ళు భూమిలోకి పంపేముందు సంపులో నింపుకోవడం మేలు, నిండి పొర్లినవి గుంతకి పంపండి. మొదటి వాన నీళ్ళు పక్కకి పోయే ఫస్ట్ ఫ్లష్ పైపు పెట్టండి. గుంతలో పై పొర ఇసుక ఏటా మే నెలలో గీకి మార్చకపోతే బురద పట్టి నీళ్ళు నిలుస్తాయి, దోమలు. వంటశాల కడిగిన నీళ్ళ కాలువ పొరపాటున కూడా ఆ గుంతలోకి కలవకూడదు. వాన రాకముందే ఒక బకెట్టు రంగు నీళ్ళు వంటశాల కాలువలో పోసి ఎక్కడ తేలుతాయో చూసుకోండి.